వాన లెక్కకు గీసే హద్దు

పావగడ కర్ణాటకలో ఉంది, తుమకూరు జిల్లా తాలూకా. మ్యాపులో మాత్రం దాని చుట్టూ దాదాపు అన్ని వైపులా ఆంధ్రప్రదేశే. ఉత్తరాన కళ్యాణదుర్గం, తూర్పున పెనుకొండ, దక్షిణాన మడకశిర. అక్కడ వినిపించే మాట కూడా ఎక్కువగా తెలుగే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో నలభై ఏళ్ళ వానల తీరు చూద్దామనుకున్న ఒక పరిశోధక విద్యార్థి, కంప్యూటర్లో జిల్లా చుట్టూ నాలుగు గీతలు గీశాడనుకుందాం. పావగడ అందులో పడిపోతుంది. దాంతోపాటు కడప వైపు కొంత, కర్నూలు వైపు కొంత, చిత్రదుర్గ వైపు ఇంకొంత. అక్కడ కురిసిన వానంతా అనంతపురం ఖాతాలో జమవుతుంది. కంప్యూటరేమీ అభ్యంతరం చెప్పదు. సగటు మాత్రం మారిపోతుంది.

వాతావరణ సమాచారం ఒకప్పుడు ఉత్తరాలు రాసి, రుసుము కట్టి, నెలల తరబడి ఎదురుచూసి తెచ్చుకోవలసిన వస్తువు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని దించుకోవచ్చు. వ్యవసాయ కళాశాల విద్యార్థి, నీటిపారుదల ఇంజినీరు, పత్రికా విలేఖరి, బీమా కంపెనీ లెక్కల మనిషి, ఎవరైనా సరే. దించుకోవడం ఎలాగో చెప్పే పాఠాలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. దించుకున్నదాన్ని తనకు కావలసిన ప్రాంతానికి కత్తిరించుకోవడం దగ్గర మాత్రం చాలామంది ఒక మీట నొక్కి ముందుకెళ్ళిపోతారు. ఏ గీత వెంట కోయాలి, ఏ గడియారం ప్రకారం కోయాలి అన్న రెండు నిర్ణయాలు చివరి అంకెను ఎంతగా మారుస్తాయో చాలామందికి తెలియదు.

ముందుగా ఆ ఫైలులో ఏముంటుందో చూద్దాం. పుణెలోని భారత వాతావరణ శాఖ కార్యాలయం దేశమంతటి రోజువారీ వర్షపాతాన్ని గడులుగా విభజించి, ఏడాదికొక ఫైలు చొప్పున ఉచితంగా అందుబాటులో ఉంచింది. దేశం మ్యాపు మీద గళ్ళ దుప్పటి పరిచినట్టు ఊహించుకుంటే చాలు. ఒక్కో గడి పొడవూ వెడల్పూ పావు డిగ్రీ. 6.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం నుంచి 38.5 దాకా 129 వరసలు, 66.5 డిగ్రీల తూర్పు రేఖాంశం నుంచి 100 దాకా 135 నిలువు వరసలు. మొత్తం 17,415 గడులు. ఇందులో భారత భూభాగం మీద పడేవి ఐదు వేలకు కాస్త అటూ ఇటూ. మిగతావన్నీ సముద్రం, పొరుగు దేశాలు. వాటిలో వాన అంకె ఉండదు, మైనస్ 999 అని ఉంటుంది. ఈ మైనస్ 999 ఎన్ని తంటాలు తెస్తుందో కాసేపట్లో చూద్దాం.

ఈ వరస 1901 నుంచి ఉంది. నూట ఇరవై ఏళ్ళకు పైగా, రోజు కూడా వదలకుండా.

అంటే ప్రతి గడిలోనూ ఒక వర్షమాపకం పెట్టి, నూట ఇరవై ఏళ్ళుగా ఎవరో చదువుతున్నారని కాదు. దేశం మొత్తం మీద 6,955 వర్షమాపక కేంద్రాల రికార్డులు తీసుకుని 2014లో ఈ వరసను ప్రచురించారు. ఆ కేంద్రాలన్నీ ప్రతిరోజూ లెక్క పంపినవి కావు. కొన్ని మధ్యలో మొదలయ్యాయి, కొన్ని మధ్యలో మూతపడ్డాయి. ఏ రోజుకు ఏ కేంద్రాల లెక్క అందితే వాటితోనే గడులు నింపారు. గడికి దగ్గరగా ఉన్న కేంద్రం మాటకు విలువ ఎక్కువ, దూరంగా ఉన్నదాని మాటకు తక్కువ. కాబట్టి కేంద్రమే లేని గడిలో కూడా ఒక అంకె ఉంటుంది. అది పొరుగు కేంద్రాలను బట్టి వేసిన అంచనా. పరిశోధన పత్రాల్లో మాత్రం దాన్ని నిస్సంకోచంగా "నమోదైన వర్షపాతం" అని రాసేస్తుంటారు. నమోదుకూ అంచనాకూ తేడా పాటించని పత్రం చదువుతున్నప్పుడు మిగతా అంకెలను కూడా కాస్త అనుమానంగానే చూడాలి.

ఒక ప్రాంతానికంతటికీ ఇంత వాన అని ఒకే అంకె కట్టడం మాత్రం కంప్యూటర్లతో పుట్టిన అలవాటు కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం కోష్ఠాగారంలో వాన కొలిచే పాత్ర ఉండాలంటుంది, ఏ దేశంలో ఎంత వాన పడుతుందో ద్రోణం అనే కొలతలో చెబుతుంది. జాంగల ప్రాంతాల్లో 16 ద్రోణాలు, అవంతిలో 23, అశ్మకలో పదమూడున్నర. అశ్మక అంటే గోదావరి తీరం. దాని రాజధాని పోదన నేటి నిజామాబాద్ జిల్లా బోధనేనని చరిత్రకారులు చాలామంది అంటారు. అలా చూస్తే తెలుగు నేలకు దొరికే తొలి ప్రాంతీయ వర్షపాత లెక్క ఇదే కావచ్చు. పంతొమ్మిదో శతాబ్దానికి వస్తే, విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో ఒక వేధశాల నెలకొల్పాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అందులో నక్షత్రాలతోపాటు వాతావరణాన్ని కూడా దశాబ్దాల పాటు నమోదు చేశాడు. ఈనాటి గడుల వెనక ఇలాంటివాళ్ళు, వాళ్ళకంటే ఎక్కువగా పేరు తెలియని తాలూకా కచేరీ గుమాస్తాలు, రోజూ పొద్దున్నే పాత్ర దగ్గరికి వెళ్ళి చదివిన అంకెలున్నాయి.

వాతావరణ శాఖ గడులు ఒక్కటే దారి కాదు. ఐరోపా దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం తయారుచేసే ఎరా5 ప్రపంచమంతటికీ, గంట గంటకూ, 1940 నుంచి లెక్క ఇస్తుంది. పాత పరిశీలనలనూ నేటి వాతావరణ నమూనానూ కలిపి గతాన్ని తిరిగి కట్టే పద్ధతి అది. దాన్ని పునర్విశ్లేషణ అంటారు. గాలి, తేమ, నేల ఉష్ణోగ్రత, ఇంకా చాలా అంశాలు అందులో దొరుకుతాయి. నేలవరకే పరిమితమైన దాని తమ్ముడు ఎరా5-ల్యాండ్‌లో గడి ఇంకా చిన్నది, దాదాపు 9 కిలోమీటర్లు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖ అందించే చర్ప్స్, ఉపగ్రహ చిత్రాలనూ నేలమీది వర్షమాపకాలనూ కలిపి 1981 నుంచి 0.05 డిగ్రీల గడులు ఇస్తుంది. నాసా వాళ్ళ ఐమెర్గ్ అరగంటకొకసారి. ఇవన్నీ ఉచితమే. కొన్నింటికి పేరు నమోదు చేసుకుని, ఒప్పందం మీద టిక్కు పెట్టి, ఒక సంకేత సంఖ్య తెచ్చుకోవాలి. టిక్కు పెట్టడం మర్చిపోయి, ప్రోగ్రాం పనిచేయడం లేదని గంటలు గంటలు తల పట్టుకునేవాళ్ళు లేకపోలేదు.

చిన్న గడి చూడగానే మోజు పుడుతుంది. ఉమ్మడి అనంతపురం విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. ఆ అక్షాంశం దగ్గర వాతావరణ శాఖ గడి ఒక్కొక్కటి దాదాపు 745 చదరపు కిలోమీటర్లు కాబట్టి జిల్లాకు 26 గడుల పాటి నేల వస్తుంది. చర్ప్స్ అయితే ఆరు వందలకు పైగా గడులు. మ్యాపు అందంగా ఉంటుంది, రంగులు సన్నగా కలిసిపోతాయి. అయితే నేలమీద ఉన్న వర్షమాపకాల సంఖ్య గడి చిన్నదైనంత మాత్రాన పెరగదు. ఉపగ్రహం మేఘాల పైభాగపు చల్లదనం చూసి వాన ఎంతో ఊహిస్తుంది. ఊహను ఎంత చిన్న ముక్కలు చేసినా ఊహగానే ఉంటుంది. మండలం స్థాయిలో తేడాలు చూపించే మ్యాపు కనిపిస్తే, ఆ తేడాలను నేలమీద సరిచూశారా అని అడగడం న్యాయం.

ఇక దించుకోవడం. వాతావరణ శాఖ వర్షపాతం ఫైలు ఏడాదికి 25 మెగాబైట్లు. మొదటి నుంచి అన్నీ దించుకున్నా మూడు గిగాబైట్లు దాటితే కాస్త దాటుతుంది, అంతే. కాబట్టి దేశమంతా దించుకుని తర్వాత తీరిగ్గా కత్తిరించుకోవచ్చు. ఐఎండీలిబ్ అనే పైథాన్ ఉపకరణం ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా కావాలో చెబితే చాలు, వరసగా తెచ్చిపెడుతుంది. ఎరా5తో ఆ ధోరణి కుదరదు. భూగోళం మొత్తం మీద గంటకు 10 లక్షల 38 వేల బిందువులు. ఏడాదికి, ఒక్క అంశానికే, 909 కోట్ల అంకెలు. హాస్టల్ వైఫైతో అది అయ్యే పని కాదు. అందుకే అక్కడ కోత అంగట్లోనే చేయించుకోవాలి. అభ్యర్థన పంపేటప్పుడే నాలుగు హద్దులు ఇస్తే అంతమేరే పంపిస్తారు. అనంతపురానికి ఉత్తరం 15.5, పడమర 76.75, దక్షిణం 13.5, తూర్పు 78.5 అని ఇస్తే 72 బిందువులే వస్తాయి. ఏడాది పొడవునా గంట గంటకూ తీసుకున్నా 6.3 లక్షల అంకెలు. పాత ల్యాప్‌టాప్ కూడా మోయగలదు.

ఆ నాలుగు అంకెల క్రమం గమనించాలి. ఎరా5ను అందించే కోపర్నికస్ కేంద్రం ఉత్తరం, పడమర, దక్షిణం, తూర్పు అన్న వరసలో అడుగుతుంది. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ వాతావరణ సంస్థ తయారుచేసిన సీడీఓ అనే ఉపకరణంలో పడమర, తూర్పు, దక్షిణం, ఉత్తరం. ఒక చోట అలవాటైన వరసను ఇంకో చోట ఇస్తే తప్పు సందేశం రావచ్చు, లేదా ఎక్కడో సంబంధం లేని ప్రాంతం రావచ్చు. ఇంకో చిక్కు అక్షాంశాల దిశ. వాతావరణ శాఖ ఫైలు దక్షిణం నుంచి ఉత్తరానికి ఎక్కుతుంది. ఎరా5 ఉత్తర ధ్రువం నుంచి కిందికి దిగుతుంది. పైథాన్‌లో 13.5 నుంచి 15.5 దాకా అని అడిగితే మొదటిదానిలో జిల్లా వస్తుంది, రెండోదానిలో ఖాళీ వస్తుంది. అంకెలు తిరగేసి అడిగితే సరి. డాలస్‌లోనో అట్లాంటాలోనో చదువుకుంటూ అక్కడి వానల మీద పనిచేసే తెలుగు విద్యార్థులకైతే మూడో చిక్కు కూడా ఉంది. కొన్ని ఫైళ్ళలో రేఖాంశాలు సున్నా నుంచి 360 దాకా నడుస్తాయి. డాలస్ మైనస్ 96.8 కాబట్టి వాటిలో 263.2 అని వెతకాలి. మన దేశం గ్రీనిచ్‌కు తూర్పున ఉండటంతో ఇక్కడివాళ్ళకు ఆ తలనొప్పి లేదు.

ఇప్పుడు అసలు కోతకు వద్దాం. ఉమ్మడి అనంతపురం స్థూలంగా 13 డిగ్రీల 40 నిమిషాల నుంచి 15 డిగ్రీల 15 నిమిషాల దాకా, 76 డిగ్రీల 50 నిమిషాల నుంచి 78 డిగ్రీల 30 నిమిషాల దాకా విస్తరించి ఉంది. ఆ పెట్టెలో పడే వాతావరణ శాఖ గడుల కేంద్ర బిందువులు ఏడు వరసల్లో ఏడేసి, మొత్తం 49. ఫైలు 25 మెగాబైట్ల నుంచి 70 కిలోబైట్ల దగ్గరికి దిగుతుంది. చాలామంది ఇక్కడితో ఆగి 49 గడులకూ సగటు తీసేస్తారు. జిల్లా పాటి నేల 26 గడులే అని పైన చూశాం. అంటే పెట్టెలో దాదాపు సగం జిల్లా కానిదే. నాలుగు గీతల పెట్టె తొలి కోత మాత్రమే. జిల్లా సరిహద్దు ఫైలు వేసి రెండో కోత కోయాలి.

రెండో కోతలో మూడు పద్ధతులున్నాయి. గడి మధ్య బిందువు జిల్లాలో ఉంటేనే లెక్కలోకి తీసుకోవడం ఒకటి. జిల్లా గీత తగిలిన గడినల్లా తీసుకోవడం ఇంకోటి. గడిలో ఎంత భాగం జిల్లాలో ఉందో ఆ మేరకే దాని అంకెకు బరువు ఇవ్వడం మూడోది. పెద్ద రాష్ట్రానికైతే ఏది వాడినా తేడా స్వల్పం. జిల్లాకు వచ్చేసరికి తేడా బయటపడుతుంది. మండలానికైతే చెప్పనే అక్కర్లేదు, మండలం మొత్తం ఒకే గడిలో ఓ మూలన ఇరుక్కుపోవచ్చు. జిల్లాకు మూడో పద్ధతే సరైనది. కాస్త ఎక్కువ పనే, కానీ పని ఎక్కువన్న సాకుతో వదిలేయదగినది కాదు.

ఎంత తేడా వస్తుందో ఒక లెక్క చేసి చూడొచ్చు. అనంతపురం సాధారణ వార్షిక వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు. వాతావరణ శాఖ పరిభాషలో సాధారణం కంటే 19 శాతం తక్కువ దాకా "సాధారణం"గానే పరిగణిస్తారు. 20 శాతం తగ్గితే "లోటు". ఒక ఏడాది 26 గడుల సగటు 440 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. అది సరిగ్గా 20 శాతం తక్కువ, లోటు. గీత తగిలిన గడి కదా అని తూర్పున కడప వైపున్న ఒక్క గడిని చేర్చాం, అందులో 590 మిల్లీమీటర్లు ఉంది. 27 గడుల సగటు 445.6 అవుతుంది. లోటు 19 శాతానికి తగ్గుతుంది, ఏడాది సాధారణమైపోతుంది. ఒక్క గడి, అయిదున్నర మిల్లీమీటర్లు. అధికారికంగా జిల్లా వర్షపాతం కట్టేటప్పుడు కేంద్రాల లెక్కలే తీసుకుంటారు కాబట్టి ఈ తప్పు వల్ల ప్రభుత్వ ప్రకటన మారకపోవచ్చు. "నలభై ఏళ్ళలో ఎన్ని కరవులు" అని పట్టిక వేసే పరిశోధనలో మాత్రం ఒకటో రెండో కరవులు మాయమవుతాయి, లేదా కొత్తగా పుట్టుకొస్తాయి.

ఇంతకీ ఏ అనంతపురం? 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. పెనుకొండ, హిందూపురం, కదిరి, మడకశిర, ధర్మవరం అటు వెళ్ళాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. పాత సరిహద్దు ఫైళ్ళు ఇంకా చలామణిలో ఉన్నాయి, కొత్తవీ ఉన్నాయి, పేరు మాత్రం రెండింటిలోనూ ఒకటే. 2021 దాకా పాత హద్దుతో కోసి, ఆ తర్వాత కొత్త హద్దుతో కోస్తే అనంతపురంలో వాన ఉన్నట్టుండి మారినట్టు కనిపిస్తుంది. మారింది వాన కాదు, జిల్లా. దీర్ఘకాల వరస కట్టేటప్పుడు ఏదో ఒక హద్దును ఎంచుకుని మొదటి ఏడాది నుంచి చివరి ఏడాది దాకా దానికే కట్టుబడాలి. పాతదా కొత్తదా అన్నది అడుగుతున్న ప్రశ్నను బట్టి ఉంటుంది.

సరిహద్దు ఫైలుతో ఇంకో గమ్మత్తు. కొన్ని ఫైళ్ళు డిగ్రీల్లో ఉంటాయి, కొన్ని మీటర్లలో. మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతి భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా విడగొడుతుంది. 43వ జోనుకూ 44వ జోనుకూ మధ్య గీత 78 డిగ్రీల రేఖాంశం. అది ఉమ్మడి అనంతపురం మీదుగానే పోతుంది. అనంతపురం పట్టణం 43లో, కదిరి 44లో. వాన ఫైలు డిగ్రీల్లో, జిల్లా ఫైలు మీటర్లలో ఉంటే రెండూ ఒకదాని మీద ఒకటి పడవు, కోతలో ఏమీ మిగలదు. క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండింటినీ ఒకసారి తెర మీద వేసి కళ్ళతో చూస్తే నిమిషంలో తెలిసిపోయే సంగతి ఇది. ఆ నిమిషం ఎవరూ వెచ్చించరు.

వాన సంగతి ఇలా ఉంటే ఉష్ణోగ్రత మరీ పలుచన. వాతావరణ శాఖ రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల గడి ఒక పూర్తి డిగ్రీ, వరస 1951 నుంచి. ఆ బిందువులు 13.5, 14.5, 15.5 అక్షాంశాల మీద, 76.5, 77.5, 78.5 రేఖాంశాల మీద వస్తాయి. వీటిలో ఉమ్మడి అనంతపురం లోపల పడేది ఒక్కటే. 14.5 ఉత్తరం, 77.5 తూర్పు. అనంతపురం పట్టణానికి నైరుతి దిక్కున ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఇరవై వేల చదరపు కిలోమీటర్లకు దగ్గరైన జిల్లాకు ఒకే చుక్క. ఆ చుక్కతో జిల్లాలో ఎండల పెరుగుదల గురించి ఒక మాట చెప్పొచ్చు. హిందూపురానికీ గుత్తికీ తేడా చెప్పడానికి పనికిరాదు. ఇక్కడ ఎరా5-ల్యాండ్ అక్కరకు వస్తుంది. అందులో ఉష్ణోగ్రత కెల్విన్‌లలో ఉంటుంది, 313.15 అంటే 40 డిగ్రీల సెల్సియస్. వర్షపాతం మీటర్లలో ఉంటుంది, 0.012 అంటే 12 మిల్లీమీటర్లు. ఈ ప్రమాణాలు చూసుకోకుండా గ్రాఫు గీస్తే రాయలసీమలో వానే పడలేదనిపిస్తుంది.

సముద్రతీర జిల్లాలవాళ్ళకు మైనస్ 999 బెడద ఉంది. శ్రీకాకుళమో బాపట్లో కోస్తే పెట్టెలో కొన్ని గడులు బంగాళాఖాతం మీద పడతాయి. మూడు గడుల్లో 20, 30, 25 మిల్లీమీటర్లు, నాలుగో గడిలో మైనస్ 999 ఉందనుకుందాం. సగటు మైనస్ 231. రుణ వర్షపాతం కాబట్టి ఇది వెంటనే పట్టుబడుతుంది. నిజంగా ప్రమాదకరమైనది, ఆ మైనస్ 999ని సున్నాగా మార్చేసే ప్రోగ్రాం. అప్పుడు సగటు 18.75 వస్తుంది. చూడటానికి మర్యాదగానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. సరైన సగటు 25. లేని విలువనూ సున్నా విలువనూ వేరువేరుగా చూడటం తెలిసిన ఉపకరణాన్నే వాడాలి.

ఇక గడియారం. వాతావరణ శాఖకు వాన రోజు ఉదయం 8:30కి మొదలై మర్నాడు ఉదయం 8:30కి ముగుస్తుంది. ఆ వానను ముగిసిన రోజు తేదీ కింద రాస్తారు. 2020 అక్టోబరు 13 సాయంత్రం హైదరాబాద్‌ను ముంచెత్తిన వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. బేగంపేటలో 19 సెంటీమీటర్లు దాటింది, ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు దాటింది. పత్రికల్లో తేదీ 13. వాతావరణ శాఖ గడుల ఫైలులో ఆ వాన కోసం 14వ తేదీ తెరవాలి. ఎరా5 గ్రీనిచ్ కాలం పాటిస్తుంది. గ్రీనిచ్ అర్ధరాత్రి అంటే ఇక్కడ ఉదయం 5:30. వాతావరణ శాఖ రోజుతో పోల్చాలంటే గ్రీనిచ్ మూడు గంటల నుంచి మర్నాటి మూడు గంటల దాకా గంటలవారీ వానను కూడుకోవాలి. ఇది చేయకుండా రెండు ఫైళ్ళనూ తేదీ తేదీకి పోల్చి "ఎరా5 తెలుగు రాష్ట్రాల్లో సరిగ్గా పనిచేయదు" అని తేల్చేయడం ఎరా5కి చేసే అన్యాయం. సాయంత్రపు ఉరుముల వానలు ఎక్కువగా పడే నేల మీద ఈ తేదీల తేడా మరీ తెలుస్తుంది.

అదే హైదరాబాద్ వాన గడుల సంగతి ఇంకొకటి కూడా చెబుతుంది. 17.5 అక్షాంశం, 78.5 రేఖాంశం కేంద్రంగా ఉన్న గడి 17.375 నుంచి 17.625 దాకా, 78.375 నుంచి 78.625 దాకా ఉంటుంది. బేగంపేట అందులో ఉంది. గోల్కొండ కోట అంచు మీద నిలబడినట్టు లోపలికి వస్తుంది. చార్మినార్ 17.36 దగ్గర ఉండటంతో కింది గడిలోకి జారిపోతుంది. ఘట్‌కేసర్ తూర్పున పక్క గడిలో పడుతుంది. నగరం మ్యాపులో ఒకే ముద్దగా కనిపిస్తుంది కానీ గడులకు ఆ సంగతి తెలియదు. పైగా పాతిక కిలోమీటర్ల లోపు దూరంలో 13 సెంటీమీటర్ల తేడా ఉన్న వానను గడి సగటు నునుపు చేసేస్తుంది. కుంభవృష్టి కాస్త తగ్గుతుంది. ఎక్కడో ఒక మూలన పడిన జల్లు గడంతా పలుచగా పరుచుకుంటుంది. రోజుకు రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే వాతావరణ శాఖ దాన్ని వాన రోజుగా లెక్కిస్తుంది. గడి లెక్కలో ఇలా పరుచుకున్న వానల వల్ల వాన రోజుల సంఖ్య తారుమారు కావచ్చు. నగర వరదల మీద పనిచేసేవాళ్ళు గడులను పక్కన పెట్టి కేంద్రాల దగ్గరికే వెళ్ళడం మేలు. తెలంగాణలో రాష్ట్ర ప్రణాళికా సంస్థకు వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి.

వేరుశనగ రైతుకు పదును వాన తన చేలో పడిందా లేదా అన్నదే లెక్క. ఎక్కడో కొలిచిన వానతో అతని నష్టాన్ని కట్టడం ఎంత చిక్కో తెలుగువాళ్ళకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. దేశంలో వర్షపాతం సూచీ ఆధారంగా తొలి పంట బీమాను 2003లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతుల కోసం బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి మొదలుపెట్టాయి. చేనును చూడనక్కర్లేదు, వర్షమాపకం చెప్పిన అంకె ఒక హద్దు కంటే తగ్గితే పరిహారం వస్తుంది. నష్టం అంచనా వేసే జంజాటం లేదు, మోసానికి తావు లేదు. చిక్కల్లా వర్షమాపకం దగ్గర వాన పడి, చేలో పడకపోతేనే. అప్పుడు పంటా పోతుంది, పరిహారమూ రాదు. వర్షమాపకం బదులు గడి వాడితే చిక్కు తీరదు, రూపం మారుతుంది. కేంద్రం నుంచి పొలం దాకా ఉన్న దూరం గడి సగటులోకి వెళ్ళి కూర్చుంటుంది.

జిల్లా అనే హద్దు పాలనకు సంబంధించినది, నీటికి దాంతో పనిలేదు. అనంతపురంలో చెరువుల నీటి గురించి అడిగే ప్రశ్నకు జిల్లా గీత వెంట కోయడమే తప్పు కావచ్చు. పెన్న కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి హిందూపురం దగ్గర రాష్ట్రంలోకి వస్తుంది. జిల్లా గీత వెంట కోస్తే నది తల తెగిపోతుంది. వానల తీరు చదివేవాడు పావగడను తీసేయాలి. పెన్న, దాని ఉపనదుల నీరు లెక్కించేవాడు మాత్రం ఆ గీతను వదిలి పైకి వెళ్ళాలి.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడ మునిగిన తీరులో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నగరం మీద కుండపోత కురిసింది నిజమే. సింగ్‌నగర్ వైపు ఇళ్ళలోకి వచ్చిన నీరు మాత్రం బుడమేరుది, అది మైలవరం వైపు కొండల్లోంచి దిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు సృష్టించిన కృష్ణ వరదలో మున్నేరు నీరు కూడా ఉంది. ఖమ్మాన్ని ముంచి వచ్చిన నీరది. బుడమేరు కథ చెప్పాలంటే విజయవాడ గడులకు పైన మైలవరం గడి ఉండాలి. మున్నేరు కథ చెప్పాలంటే పెట్టె పాకాల చెరువు దాకా, 18వ అక్షాంశం దగ్గరికి జరగాలి. నదుల పరీవాహక హద్దులు కేంద్ర ప్రభుత్వ జలవనరుల సమాచార పోర్టల్ ఇండియా-రిస్‌లోనూ, హైడ్రోషెడ్స్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి. ముందు ఆ గీత తెచ్చుకుని, దానికి నాలుగు వైపులా ఒక్కో గడి అదనంగా వదిలి, అప్పుడు డౌన్‌లోడ్ మొదలుపెట్టాలి. ఏ ఫైలు, ఏ తేదీన దించుకున్నది, ఏ నాలుగు హద్దులు, ఏ సరిహద్దు, ఏ గడియారం అన్నవి పక్కనే ఒక చిన్న ఫైలులో రాసిపెట్టుకుంటే, ఆరు నెలల తర్వాత గైడు అడిగినప్పుడు వెతుక్కోవలసిన పని ఉండదు.